మిగతా సగం అంగీకారం

పోయినవారం మనం ప్రూఫమ్మను బడిలో పెద్దమేడం గది బయట చెక్కబెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఒళ్లో చేతిసంచి, చేతిలో బడి నుంచి వచ్చిన చీటీ, పక్కన తొమ్మిదో తరగతి చదివే కూతురు. "మీ అమ్మాయి క్రమశిక్షణ విషయమై మాట్లాడవలెను, వెంటనే రాగలరు" అని ఉంది చీటీలో. ఆ పిల్ల ఏం చేసిందన్నది మాత్రం లేదు. కూతుర్ని అడిగితే, "లోపల వాళ్లే చెప్తారుగా అమ్మా. నేను చెప్తే నా వైపు చెప్పుకున్నట్టుంటుంది" అంది. ఆ పిల్లను వాళ్ల నాన్న జడ్జిగారూ అని పిలవడం ఊరికే కాదు.

దారిలో కొత్తగా కలిసినవాళ్ల కోసం ఒక్కమాట. ప్రూఫమ్మ ప్రింటింగ్ ప్రెస్సులో పంతొమ్మిదేళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది. భర్త ఇదే బడిలో బస్సు డ్రైవరు. ఆయన బస్సెక్కి ఎనిమిది నెలలు, తాగుడు మానేసి పద్నాలుగు నెలలు. మొదటి లెక్క బడికి తెలుసు, రెండోది తెలియదు. ఉద్యోగంలో చేరేటప్పుడు "తాగుతావా?" అని అడిగారు, "తాగనండీ" అన్నాడు. అది నిజమే. ఇదివరకు తాగేవాడివా అని వాళ్లు అడగలేదు, ఆయన చెప్పలేదు. సంసారం గుట్టు, రోగం రట్టు అన్నారు పెద్దలు. ఈ ఇంట్లో రోగమూ సంసారమూ ఒకటే కావడంతో రెంటినీ కలిపి గుట్టుగానే ఉంచారు. పిల్లల బస్సు నడిపే మనిషికి అలాంటి గతం ఉందని తెలిస్తే తాళాలు లాక్కుంటారని ప్రూఫమ్మ భయం.

"రమ్మంటున్నారమ్మా" అని ఆయా తలుపు తెరిచింది.

గది చిన్నదే. బల్ల మీద అద్దం, అద్దం కింద టైమ్‌టేబులు, గోడకు ఆనించి ఇనప బీరువా, దాని పైన పిల్లలు గెలిచిన కప్పులు. కిటికీలోంచి చూస్తే మైదానం, దానికి అవతల బస్సుల షెడ్డు. ఆ షెడ్డు ముందు బకెట్టు పెట్టుకుని ప్రూఫమ్మ మొగుడు బస్సు చక్రాలు కడుగుతున్నాడు. ఆయన్ని చూడగానే ఆవిడ చూపు కిటికీ నుంచి తిప్పేసుకుంది.

పెద్దమేడం యాభై దాటిన మనిషి. జుట్టు బిగించి ముడి వేసుకుంటుంది, మాటలు అంతకంటే బిగించి మాట్లాడుతుంది. పక్కన హాజరుపట్టీ గుండెలకు హత్తుకుని క్లాస్ టీచర్ నిలబడి ఉంది.

"కూర్చోండమ్మా. మొన్న మంగళవారం ఆరో క్లాసు నుంచి పదో క్లాసు దాకా పిల్లలందరికీ ఒక సర్వే ఇచ్చాం. నలభై ప్రశ్నలు. అందరూ బుద్ధిగా రాశారు. మీ అమ్మాయి ఇరవై ఏడో ప్రశ్నకు ఏం రాసిందో చూడండి. అంతటితో ఊరుకుందా? చుట్టుపక్కల బెంచీల్లో ఇంకో ఏడుగురు అదే రాశారు. దీన్ని ఏమంటారో మీరే చెప్పండి."

ప్రూఫమ్మ కళ్లజోడు పెట్టుకుని కాగితం తీసుకుంది. ఇరవై ఏడో ప్రశ్న ఇది: "మీ ఇంట్లో ఎవరికైనా మద్యం అలవాటు ఉందా?" కింద మూడు గళ్లు. ఉంది, ఉండేది, లేదు. మూడు గళ్లూ ఖాళీ. వాటి కింద కూతురి గుండ్రటి దస్తూరీ: "ఇది మా ఇంటి విషయం. ముందు మా అమ్మానాన్నల్ని అడగండి. వాళ్లు సరేనంటే అప్పుడు నేను చెప్తాను."

ఆవిడ ఆ మూడు వాక్యాలూ రెండుసార్లు చదివింది. ఒకసారి ప్రూఫ్ రీడర్‌గా, ఒకసారి తల్లిగా. రెండుసార్లూ దిద్దడానికేమీ దొరకలేదు. తనకు పద్నాలుగేళ్లున్నప్పుడు ఎవరేమడిగినా తల ఊపడం తప్ప ఇంకేం తెలుసు? ఈ పిల్లకు ఈ వెన్నెముక ఎక్కణ్ణుంచి వచ్చింది? ప్రూఫమ్మ ఛాతీ కొంచెం పొంగింది. అది బయటికి కనపడకుండా పమిట సర్దుకుంది.

"ఏడుగురూ నన్ను చూసి రాయలేదు మేడం. నన్నడిగి రాశారు" అంది కూతురు.

"నువ్వు మాట్లాడకు" అంది పెద్దమేడం. తల్లివైపు తిరిగి, "నాకు పిల్లల్ని శిక్షించడం సరదా కాదమ్మా. ఇప్పుడు ఇక్కడ కూర్చుని ఆ ఒక్క ప్రశ్నకూ ఒక గడిలో టిక్కు పెట్టమనండి. నేను ఇది ఇంతటితో మర్చిపోతాను. సాయంత్రానికి కట్టలన్నీ పై ఆఫీసుకు పంపాలి."

ఒక్క టిక్కు. "ఉండేది" అని పెడితే మైదానం అవతల ఆ బకెట్టు దగ్గర రేపటి నుంచి ఈ మనిషి ఉండడు. "లేదు" అని పెడితే జడ్జిగారు తల్లి కళ్లెదుట అబద్ధం రాసినట్టవుతుంది. కుదరదని వాదిస్తే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వీళ్ల ఇంట్లో ఏదో ఉందని పెద్దమేడం అప్పుడే పసిగడుతుంది. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి ప్రూఫమ్మ తనకు చేతనైన పనే చేసింది. కాగితాన్ని మొదటి పేజీ నుంచి చూడడం మొదలుపెట్టింది.

మొదటి పేజీలో పైన పెద్ద అక్షరాలతో ఉంది: "పేరు రాయనవసరం లేదు. మీ జవాబులు ఎవరివో ఎవరికీ తెలియదు."

"మేడం, చిన్న సందేహం. ఈ కాగితం మీద పేరు లేదు. ఇది మా అమ్మాయిదని మీకెలా తెలిసింది?"

పెద్దమేడం జవాబు చెప్పబోయి ఆగింది. "దస్తూరీ చూసి" అంది చివరికి.

"ఆరువందల నలభైమంది దస్తూరీలు మీకు తెలుసా?"

క్లాస్ టీచర్ నేల చూపులు చూసింది. ప్రూఫమ్మ వేలు మెల్లగా కాగితం చివరికి వెళ్లింది. కుడివైపు మూల, కింద, బియ్యపుగింజంత ఎర్ర అంకెలు. 0214. ఆ ఎరుపు ఆవిడకు బాగా తెలుసు. వాళ్ల ప్రెస్సులో నంబరింగ్ మిషన్‌కు వాడే ఇంకు అది. అప్పుడు వెలిగింది.

"ఇది మా ప్రెస్సులో అచ్చయింది" అంది.

"అయ్యుండొచ్చు."

"అయ్యుండటం కాదు మేడం. దీని ప్రూఫ్ చూసింది నేనే."

కూతురు తలెత్తి తల్లివైపు చూసింది. ఈ బోను ఎక్కుతాననుకోలేదు ప్రూఫమ్మ. కానీ ఎక్కేసింది కదా, ఇక దిగే పద్ధతి లేదు.

"నెల కిందట వచ్చింది. ఎనిమిది పేజీలు. అక్షరం అక్షరం చూశాను. పదకొండో ప్రశ్నలో ఒత్తు పోయింది, పెట్టాను. ముప్పై మూడులో గడి పక్కకు జరిగింది, సరిచేయించాను. ఇరవై ఏడులో తప్పులేమీ లేవు. అందుకని ముందుకెళ్లిపోయాను. అది ఎవరిని అడిగే ప్రశ్నో, ఏ పిల్ల ఏ ఇంటి గురించి దీనికి జవాబు రాయాలో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మా పనిలో ఉన్న జబ్బే అది మేడం. అక్షరాలు కనపడతాయి, మాటలు కనపడవు. ఆ తప్పు నాది. మా అమ్మాయి ముందే ఒప్పుకుంటున్నాను."

ప్రూఫమ్మ వేలు మళ్లీ ఆ ఎర్ర అంకెల మీదికి వెళ్లింది.

"కానీ ఇంకోటి కూడా గుర్తుంది. ఆర్డరు కాగితం మీద 'నంబరింగ్, ఒకటి నుంచి ఆరువందల నలభై' అని ఉంది. రసీదు పుస్తకాలకు నంబరు వేస్తాం, టిక్కెట్లకు వేస్తాం. ఏది ఎవరి చేతికి వెళ్లిందో తర్వాత పట్టుకోవాలంటేనే నంబరు వేస్తాం మేడం. పేరు అక్కర్లేదని పైన రాసి, కింద నంబరు ఎందుకు వేయించారు?"

"లెక్క కోసం" అంది పెద్దమేడం. "ఎన్ని ఇచ్చాం, ఎన్ని వెనక్కి వచ్చాయి అని."

"లెక్కకైతే కట్ట లెక్కపెట్టుకుంటే చాలదా?"

"హాజరుపట్టీ వరసలో పంచమన్నారండీ" అంది క్లాస్ టీచర్, అడక్కుండానే. "రెండువందల పద్నాలుగు మా క్లాసులో మీ అమ్మాయికి పడింది."

పెద్దమేడం ఆవిడవైపు ఒక చూపు చూసింది. మామూలుగా ఆ చూపుకు తొమ్మిదో తరగతి మొత్తం కూర్చుంటుంది. క్లాస్ టీచర్ మాత్రం నిలబడే ఉంది.

అయితే పెద్దమేడాన్ని మరీ రాక్షసిని చేసి చూడకండి. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఈసారి మాట్లాడినప్పుడు గొంతులో బిగింపు కాస్త తగ్గింది.

"మూడేళ్ల కిందట ఎనిమిదో క్లాసులో ఒక పిల్ల ఉండేది. ఇంట్లో రోజూ దెబ్బలు. ఏడాది పాటు నా కళ్లముందే తిరిగింది, నాకు తెలియలేదు. తెలిసేసరికి ఆలస్యమైపోయింది. అందుకే ఈ సర్వే వచ్చినప్పుడు నేను ఒక్క ప్రశ్న కూడా తీసెయ్యమనలేదు. అడక్కపోతే ఎలా తెలుస్తుందమ్మా?"

"అడగండి మేడం. వద్దనలేదు. అలాంటి పిల్ల ఒక్కరున్నా అడగాల్సిందే" అంది ప్రూఫమ్మ. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. "కానీ పేరు తెలియదని చెప్పి, తెలిసేట్టు చేసి అడిగితే, ఆ పిల్ల ఈసారి నిజం చెప్పినా వచ్చేసారి ఎవరికీ చెప్పదు. పిల్లల్ని అడిగేముందు మాకో మాట చెప్పండి."

"చెప్పాం. ప్రతి పిల్ల డైరీలో చీటీ అతికించాం. ఇష్టంలేని తల్లిదండ్రులు సంతకం పెట్టి వెనక్కి పంపమన్నాం. శుక్రవారంలోగా పంపకపోతే ఒప్పుకున్నట్టే అని స్పష్టంగా రాశాం. మీరు చూసుకోకపోతే నేనేం చెయ్యను? మౌనం అర్ధాంగీకారం అని ఊరికే అన్నారా?"

"అర్ధమే కదా మేడం అన్నారు" అంది ప్రూఫమ్మ. "మిగతా సగం ఎవరిచ్చారు?"

క్లాస్ టీచర్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జడ్జిగారు మాత్రం దాచుకోలేదు. పళ్లన్నీ కనపడేట్టు నవ్వింది.

"మా ప్రెస్సులో ఒక కట్టుబాటు ఉంది" అంది ప్రూఫమ్మ. తన పని గురించి మాట్లాడేటప్పుడు ఆవిడ వీపు తనంతట తనే నిటారు అవుతుంది. "ప్రూఫ్ పంపిస్తాం. ఆర్డరిచ్చినవాళ్లు చదివి, 'ప్రింట్ చేయవచ్చు' అని రాసి సంతకం పెట్టాలి. పెడితేనే మిషన్ ఎక్కుతుంది. ఒకసారి ఒక డాక్టరుగారు నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేకుండా ఊరుకున్నారు. సరే ఒప్పుకున్నట్టేలే అని మా ఓనరు అచ్చేయించాడు. వెయ్యి కాగితాల మీద ఫోన్ నంబరు తప్పు. రోగులందరూ ఎవరో చెప్పులషాపు ఆయనకు ఫోను చేసి కడుపునొప్పి అని చెప్పుకున్నారు. ఆ రోజు నుంచి మా గోడ మీద రాసిపెట్టాం, సంతకం లేని ప్రూఫ్ మిషన్ ఎక్కదు అని. ఒక ఫోన్ నంబరుకే మేం అంత ఆగుతాం మేడం. ఇది ఒక ఇంటి పరువు."

పెద్దమేడం నవ్వలేదు కానీ, నవ్వకుండా ఉండటానికి కష్టపడింది. తర్వాత మళ్లీ బిగుసుకుంది. "మాటలు బాగానే ఉన్నాయి. కానీ ఆరువందల నలభై ఇళ్లల్లో ఒక్క ఇల్లు కూడా చీటీ వెనక్కి పంపలేదు. ఒక్కటంటే ఒక్కటి. ఎవరికీ లేని అభ్యంతరం మీ ఒక్కరికే ఎందుకొచ్చిందమ్మా?"

సరిగ్గా ఈ ప్రశ్నకే ప్రూఫమ్మ ఇందాకటి నుంచి భయపడుతోంది.

"ఒకటి వచ్చింది మేడం" అంది క్లాస్ టీచర్.

ఆవిడ హాజరుపట్టీ తెరిచి, అట్ట లోపలి మడతలోంచి చిన్న కాగితం తీసింది. నాలుగు మడతలు. "గురువారమే వచ్చింది. నేనే మీకు ఇవ్వలేదు. ఇవ్వకుండా, ఆ పిల్లకు సర్వే కాగితం మాత్రం ఇచ్చేశాను, వరసలో లోటు కనపడుతుందని. తప్పు నాదే." కాగితాన్ని పెద్దమేడం చేతికి ఇవ్వలేదు. ప్రూఫమ్మకు అందించి, వంగి, చెవిలో అన్నట్టు అంది: "ముందు మీరు చూడండక్కా. వెనకవైపు కూడా ఉంది. అది నాకూ మీకూ తెలిస్తే చాలు."

ప్రూఫమ్మ మడతలు విప్పింది. "మా అమ్మాయి ఈ సర్వేలో పాల్గొనడం నాకు సమ్మతం కాదు" అన్న అచ్చు వాక్యం కింద మొగుడి సంతకం. డైరీ రోజూ ఆయనే చూస్తాడు. ప్రెస్సు నుంచి ఆవిడ వచ్చేసరికి ఏడు దాటుతుంది, సాయంత్రం ట్రిప్పు అయ్యాక పిల్ల చదువు దగ్గర కూర్చునేది ఆయనే. ఇంట్లో ఒక్క మాట కూడా అనలేదు.

కాగితం తిప్పింది.

"మేడం గారికి నమస్కారం. మా ఇంటి సంగతి కావాలంటే నన్ను అడగండి, మా పాపను అడగవద్దు. నేను తాగేవాణ్ని. మానేసి పద్నాలుగో నెల నడుస్తుంది. చెప్పుకోవాల్సినది నేను. తప్పు నాది కాబట్టి సిగ్గు కూడా నాదే. పాపకు పంచకండి. ఇట్లు, నాలుగో నంబరు బస్సు డ్రైవరు."

అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయి. కామా ఉండాల్సిన చోట లేదు, ఒకచోట దీర్ఘం ఎగిరిపోయింది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ప్రూఫమ్మకు పెన్ను తియ్యాలనిపించలేదు. కళ్లజోడు మసకబారితే కొంగుతో తుడుచుకుని కాగితాన్ని మళ్లీ ముందువైపుకు తిప్పింది. ముందువైపే పైకి ఉండేట్టు బల్ల మీద పెట్టింది.

పెద్దమేడం సంతకం చూసింది, తేదీ చూసింది. ఆ తర్వాత 0214ను తీసి రెండుగా మడిచి ప్రూఫమ్మ ముందుకు జరిపింది.

"అయితే మీ అమ్మాయికి ఈ కాగితం అసలు ఇవ్వకుండా ఉండాల్సింది. ఇది మీది, తీసుకెళ్లండి. ఆ ఏడుగురి కాగితాలూ వాళ్ల ఇళ్లకే పంపిస్తాను. మిగతా కట్టలు..." ఆవిడ బీరువావైపు చూసింది. "ఈ నంబర్లతో పై ఆఫీసుకు పంపను. అందరి ఇళ్లనూ మళ్లీ అడుగుతాను. ఈసారి సంతకం పెట్టి సరేనన్నవాళ్లనే లెక్కలోకి తీసుకుంటాను." కూతురివైపు తిరిగి, "నువ్వు క్లాసుకు వెళ్లు. నీ మీద ఏ ఫిర్యాదూ లేదు" అంది.

గెలిచారు. ఇక లేచి నమస్కారం పెట్టి, ఆ చీటీని సంచిలో వేసుకుని ఇంటికి పోవచ్చు. క్లాస్ టీచర్ కళ్లు అదే బతిమాలుతున్నాయి, తీసుకోండక్కా, తీసుకుని వెళ్లిపోండి అని. ప్రూఫమ్మ చెయ్యి చీటీ మీదికి వెళ్లింది కూడా.

వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

గురువారం రాశాడు ఆ మాట. ఇది మళ్లీ గురువారం. అంటే వారం రోజులుగా, ప్రతి పొద్దునా, ఈరోజు పిలుస్తారు, ఈరోజు తాళాలు అడుగుతారు అనుకుంటూనే బస్సు తీశాడన్నమాట. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, ఒక్క ట్రిప్పు మానకుండా, ఒక్క చుక్క ముట్టకుండా. తను అలవాటుగా దాస్తూ వచ్చిన మాటను ఆ మనిషి తన చేత్తో రాసి, కింద తనెవరో చెప్పి పంపాడు. సంతకం లేని ప్రూఫ్‌ను మిషన్ ఎక్కనివ్వకూడదని ఇంతసేపూ గొప్పగా చెప్పింది కదా. మరి సంతకం ఉన్న ప్రూఫ్‌ను ఆపే హక్కు తనకెక్కడిది? ఆ క్షణంలో మొగుణ్ని చూసి ఆవిడకు కలిగినంత గర్వం పెళ్లయిన పదహారేళ్లలో ఏనాడూ కలగలేదు.

"చీటీకి వెనకవైపు కూడా ఉంది మేడం. మీ పేర రాశారు. చదవండి" అని, తనే తిప్పిపెట్టింది.

క్లాస్ టీచర్ కళ్లు మూసుకుంది. తలుపు దాకా వెళ్లిన కూతురు వెనక్కి వచ్చి, తల్లి భుజం మీదుగా తొంగి చూసి, "నాన్న రాశాడా?" అంది. తల్లి ఆ పిల్ల చేతిని పట్టుకుంది.

పెద్దమేడం కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఆఖరి వాక్యం దగ్గర ఆగి మళ్లీ మొదటికి వెళ్లింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. తర్వాత లేచి కిటికీ దగ్గరికి వెళ్లి మైదానం అవతలికి చూసింది.

"ఆయన్ని రమ్మనండి" అంది ఆయాతో. "బస్సు తాళాలు కూడా తెమ్మనండి."

ఆయా మైదానం దాటి వెళ్లి చెప్పడం, ఆయన బకెట్టు పక్కకు పెట్టి చేతులు తుడుచుకోవడం, చొక్కా జేబు తడిమి చూసుకోవడం కిటికీలోంచి అందరికీ కనపడింది. ఆయన ఈ గదివైపు ఒకసారి చూశాడు. అంతలోనే బయల్దేరాడు. పద్నాలుగు నెలల కిందట ఇదే మనిషి వీధి మలుపు నుంచి ఇంటి గుమ్మం దాకా నాలుగుచోట్ల గోడ పట్టుకుని వచ్చేవాడు. ఇప్పుడు అంత మైదానాన్నీ, ఎండలో, ఎక్కడా ఆగకుండా నేరుగా దాటి వచ్చాడు.

గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. బల్ల మీద తిప్పి ఉన్న చీటీని, దాని పక్కన పెళ్లాన్ని, కూతుర్ని చూశాడు. తల మాత్రం దించలేదు.

"ఎప్పుడు పిలుస్తారా అని వారం నుంచి చూస్తున్నాను మేడం" అని, జేబులోంచి తాళాలు తీసి చీటీ మీద పెట్టాడు.

పెద్దమేడం ఆ తాళాల మీద చెయ్యి వేసింది. లాక్కోవడానికో, తిరిగి ఆయన చేతిలో పెట్టడానికో వచ్చేవారం చూద్దాం.